కీళ్ల నొప్పులన్నీ వృద్ధాప్యం కావు

 

మద్దిలపాలెంలో మేము నమాజు చేసే మసీదులో వరుసల చివర వేసే కుర్చీలు ఏటేటా పెరుగుతున్నాయి. ఒకప్పుడు రెండు ఉండేవి. ఇప్పుడు జుమా రోజున పది వేసినా చాలడం లేదు. వాటిపై కూర్చునేవారిని పలకరిస్తే తరచుగా వినవచ్చే సమాధానం ఒకటే: “వయసు మీదపడింది, మౌలానా!” ఆ మాట అనేవారిలో నలభై ఏళ్లు నిండనివారు కూడా ఉన్నారు.

వైద్యం చేయించుకోవచ్చునా అని ఎడారివాసులైన అరబ్బులు అడిగినప్పుడు మహాప్రవక్త ముహమ్మద్ (స) చేయించుకోమనే ఉపదేశించారు. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందును ఉంచాడనీ, వృద్ధాప్యం ఒక్కటే అందుకు మినహాయింపనీ తెలియజేశారు. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. దీనిని మేము ఎన్నో ఏళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నాము. అయితే, మందు ఉన్న వ్యాధిని మందు లేని వృద్ధాప్యంగా భావించడం ఎంతటి పొరపాటో మాత్రం మా ఇంట్లోనే నేర్చుకున్నాము.

నాలుగేళ్ల క్రితం రమజాన్ మాసంలో, సహరీ వేళ మా శ్రీమతి రొట్టెల పిండి కలపలేకపోయింది. అప్పటికి ఆమె వయసు నలభై ఆరు. ఫజర్ నమాజులో అరచేతులు నేలకు ఆనించలేక, పిడికిళ్లు మోపి సజ్దా చేసేది. జుహర్ వేళకు చేతులు కాస్త సర్దుకునేవి. అందుకే మేము పట్టించుకోలేదు. “వయసు, ఇంటి చాకిరీ” అని తేల్చేశాము. ఎవరో చెప్పగా ఒక పొడి మందు తెచ్చి ఇచ్చాము. వారం తిరగకుండానే నొప్పి మాయమైంది. ఆపగానే రెట్టింపైంది. ఎనిమిది నెలల తర్వాత వైద్యురాలు పరీక్షించి అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని నిర్ధారించారు. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చునన్నారు. అప్పటికే రెండు వేళ్లు వంకరపోయాయి. ఆ వేళ్ల మీద ఆమె తస్బీహ్ లెక్కించినప్పుడల్లా ఆనాటి మా మాట మమ్మల్ని నిలదీస్తుంది.

ఆర్థరైటిస్ అనేది ఒకే వ్యాధి కాదు. కీళ్లను బాధించే వందకు పైగా వ్యాధులకు అది ఉమ్మడి పేరు. నిర్ధారణ వైద్యుల పని. కానీ తొలి ఆనవాళ్లను ముందుగా చూడగలిగేది ఇంటివారే. ఐదు పూటల నమాజు ఉన్న ఇంట్లో అది మరింత సులభం. నొప్పి ఏ నమాజు వేళ ఎక్కువగా ఉందో గమనించండి.

పగలంతా తిరిగాక ఇషా వేళకు మోకాలి నొప్పి పెరిగి, విశ్రాంతితో తగ్గుతుంటే అది సాధారణంగా కీళ్ల అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్. మెట్లు ఎక్కి దిగేటప్పుడు, సజ్దా నుంచి లేచేటప్పుడు బాధ తెలుస్తుంది. ఉదయం బిగుసుకున్నా అరగంటలోపే సడలుతుంది. యాభై దాటినవారిలో, అధిక బరువు ఉన్నవారిలో ఎక్కువ. దీనిని కూడా వదిలేయనక్కరలేదు. బరువు తగ్గడం, తొడ కండరాలను బలపరిచే వ్యాయామం ఎంతో మేలు చేస్తాయి.

ఫజర్ వేళ వేళ్లు, మణికట్లు బిగుసుకుపోయి, సడలడానికి అరగంట నుంచి గంటకు పైగా పడుతుంటే రుమటాయిడ్‌ను అనుమానించాలి. రెండు చేతులలోనూ ఒకే రకంగా వాపు, ఉంగరం బిగుతు కావడం, వుజూ చేసేటప్పుడు కుళాయి తిప్పలేకపోవడం, తెలియని నీరసం దీని గుర్తులు. పురుషులకన్నా స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. తొలి దశలో రక్తపరీక్షలు మామూలుగా రావచ్చు. కనుక కాగితం ఒక్కటే చూసి ధైర్యపడకూడదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలలో సరైన చికిత్స మొదలైతే కీళ్లను చాలావరకు కాపాడుకోవచ్చు. ఇందులో తరచుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

అర్ధరాత్రి హఠాత్తుగా కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అది గౌట్ కావచ్చు. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరగడం దీనికి మూలం. ఇంతకుముందు ఇలా వచ్చినవారు బక్రీద్ రోజులలో మాంసం, ముఖ్యంగా కలేజీ, గుర్దాల విషయంలో మితం పాటించాలి.

నలభై ఏళ్లలోపు యువకునికి నడుము నొప్పి నెలల తరబడి ఉండి, తెల్లవారుజామున నిద్రలేపుతూ, పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గుతుంటే అది బరువులెత్తిన నొప్పి కాకపోవచ్చు. వెన్నెముకకు వచ్చే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఇలాగే మొదలవుతుంది. మడమ నొప్పి, కన్ను ఎర్రబడటం తోడైతే అనుమానం బలపడుతుంది.

జ్వరం తర్వాత వచ్చే నొప్పులు మన నగరానికి కొత్త కాదు. 1965లోనే విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలలో చికున్‌గున్యా వ్యాపించింది. 2006లో దేశమంతటా మళ్లీ విజృంభించింది. ఆ జ్వరం తగ్గాక కూడా కొందరిలో కీళ్లు నెలల తరబడి వాచి ఉంటాయి.

మదరసా ఉపాధ్యాయులకూ, తల్లులకూ ఒక ప్రత్యేక విన్నపం. గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు పిల్లవాని మోకాలు, ఆ తర్వాత చీలమండ, ఇలా ఒక కీలు నుంచి మరో కీలుకు వాపు మారుతుంటే అది రుమాటిక్ జ్వరం కావచ్చు. కీళ్లు బాగుపడినా గుండె కవాటాలు దెబ్బతినవచ్చు. ఉదయం కుంటుతూ వచ్చిన పిల్లవాడిని సోమరి అని కోప్పడకముందు మోకాలు తాకి చూడండి. చలిజ్వరంతో ఒకే కీలు వేడిగా వాచి కదపలేకపోతే మాత్రం అది కీలులో చీము పట్టడం కావచ్చు. ఏ వయసువారైనా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి చేర్చాలి.

కీలు వాపు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఇక ఆలస్యం వద్దు. మన నగరంలో 1923 నుంచి సేవలందిస్తున్న కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో ఈ వ్యాధులకు ప్రత్యేక రుమటాలజీ విభాగం ఉంది. పేరు లేని పొడులు, కూర్పు తెలియని మాత్రలు ఇంటికి తేవద్దు.

ఇక నమాజు విషయం. వ్యాధిగ్రస్తులైన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు నిలబడి, అది చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని దైవప్రవక్త (స) సెలవిచ్చారని బుఖారీ గ్రంథంలో ఉంది. కుర్చీ ఆ సౌలభ్యంలో భాగమే. దానిపై కూర్చునే సోదరుని చిన్నచూపు చూడరాదు. అయితే కుర్చీ వేసుకున్న రోజునే వైద్యుని వద్దకు వెళ్లాలన్న సంగతీ మరువరాదు. శరీరం మనకు అప్పగించబడిన అమానత్. ఇంట్లో ఎవరైనా “చేతులు బిగుసుకుపోతున్నాయి” అంటే, వయసు అనే మాట మన నోటి వెంట రాకముందే వారి చేతిని మన చేతిలోకి తీసుకుని చూద్దాం.

అల్లాహ్ రోగులందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.