తొమ్మిదో నంబరు చొక్కా ఎవరికి?

2025 నవంబరు 18, మంగళవారం రాత్రి ఢాకాలో బంగ్లాదేశ్ మన ఫుట్‌బాల్ జట్టును 1-0తో ఓడించింది. వాళ్లు మన మీద గెలవడం 22 ఏళ్ల తర్వాత ఇదే మొదటిసారి. చివరిసారి 2003లో, శాఫ్ టోర్నీ సెమీఫైనల్లో, అదీ ఢాకాలోనే. మ్యాచ్ నాటికి మన ర్యాంకు 136, వాళ్లది 183. ఆ వారమే వచ్చిన కొత్త జాబితాలో మనం 142కి దిగిపోయాం. 2023 జులైలో 99లో ఉన్న జట్టిది. 2027 ఆసియా కప్ ఆశ అక్టోబరులో గోవాలోనే ఆవిరైంది కాబట్టి ఢాకాలో పోగొట్టుకోవడానికి మన దగ్గర పరువొక్కటే మిగిలింది. అదీ అక్కడే వదిలేసి వచ్చాం.

ఆ రాత్రి నుంచి అభిమానులందరి నోటా ఒకటే మాట, కోచ్ ఖాలిద్ జమీల్‌ను పంపించెయ్యాలని. ఖాలిద్ తప్పు లేదని నేను అనను. ఉంది, చెబుతాను. కానీ ఏడాదిన్నరలో మనం ఇద్దరు కోచ్‌లను సాగనంపాం. 2024 జూన్‌లో స్టిమాచ్, 2025 జులైలో మనోలో మార్క్వెజ్. ఈలోగా బంగ్లాదేశ్ 2022 జనవరిలో తెచ్చుకున్న స్పెయిన్ కోచ్ కాబ్రెరాతోనే నడిచింది. మూడో మనిషిని కూడా పంపేసే ముందు, అసలు మనకు గోల్ ఎందుకు పడటం లేదో ఒకసారి చూద్దాం.

ఢాకాలో పావుగంట కూడా గడవక ముందే వాళ్లకు గోల్ వచ్చింది. రాకిబ్ హుస్సేన్ ఎడమ అంచు వెంట పరుగందుకుని బాక్సులోకి బంతి పంపాడు. షేక్ మొర్సాలిన్ మన డిఫెండర్ల కంటే ముందు చేరి, మన కీపర్ గుర్‌ప్రీత్ కాళ్ల సందులోంచి లోపలికి తోసేశాడు. అందులో మాయ లేదు. ఒకడు పరుగెత్తాడు, ఒకడు ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నాడు. అరగంట ప్రాంతంలో మనకూ అలాంటి వరమే దొరికింది. వాళ్ల కీపర్ తడబడి బంతిని సరిగా పంపలేకపోయాడు, అది మన వింగర్ చాంగ్తేకి చిక్కింది, గోల్ ఖాళీగా ఉంది. చాంగ్తే కొట్టాడు. ఇంగ్లండ్ క్లబ్ లెస్టర్ సిటీ నుంచి వచ్చిన హంజా చౌదరి ఎక్కణ్నుంచో వచ్చి తలతో బయటికి పంపేశాడు. ఆ తర్వాత మనవాళ్లు బంతిని ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పారు, అంచుల నుంచి గాల్లోకి లేపారు, వాళ్లు తలలతో తిప్పికొట్టారు. రెండో సగమంతా దాదాపు ఇదే సినిమా. బాక్సులో మనవాడు ఒకడైనా ఒక అడుగు ముందుగా కదిలి ఉంటే బాగుండునని చూస్తూ కూర్చున్నాం.

ఇప్పుడు ఖాలిద్ తప్పు సంగతి. ఖాలిద్ చిన్న జట్ల కోచ్. ఈ మాట చిన్నచూపుతో అనడం లేదు. 2016-17లో మిజోరం నుంచి వచ్చిన ఐజ్వాల్‌తో ఐ-లీగ్ గెలిపించినవాడు, పెద్ద పెద్ద క్లబ్బుల ముందు. ఆయన విద్య తెలిసిందే. వెనక గట్టిగా నిలబడు, బంతి అవతలివాడికి వదిలెయ్, వాడు ముందుకొచ్చాక ఖాళీలోకి పొడవుగా కొట్టు, త్రోలు, కార్నర్లు, ఫ్రీకిక్‌లు వృథా చెయ్యకు. 2025 ఆగస్టులో పగ్గాలు పట్టాక మధ్య ఆసియా జట్ల కాఫా కప్‌లో ఈ విద్య పనిచేసింది. మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపకపోయినా తజికిస్తాన్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించాం, ఒమన్‌ను పెనాల్టీల్లో పడగొట్టి మూడో స్థానం తెచ్చుకున్నాం. ఎందుకు పనిచేసింది? అవతలి జట్లు మనకంటే బలమైనవి. బంతి వాళ్ల దగ్గరే ఉంటుంది. ముందుకు వస్తారు, వెనక జాగా వదులుతారు.

సింగపూర్, బంగ్లాదేశ్ అలా రావు. వెనకే కూర్చుని, నువ్వే వచ్చి తలుపు తెరుచుకో అంటాయి. తాళం తీసే ఆట ఖాలిద్ దగ్గర ఇంతవరకు కనపడలేదు. అక్టోబరులో గోవాలోని ఫటోర్డాలో సింగపూర్ మీద 14వ నిమిషానికే చాంగ్తే దూరం నుంచి కొట్టిన గోల్‌తో ముందున్నాం. అక్కడి నుంచి రెండో గోల్‌కు వెళ్లాల్సిన జట్టు మెల్లగా వెనక్కి జరుగుతూ వచ్చింది. సరిగ్గా విరామానికి ముందు సాంగ్ ఉయ్‌యంగ్ సమం చేశాడు. రెండో సగంలో ఇంకోటి కొట్టి మనల్ని ఇంటికి పంపాడు. సొంత గడ్డ మీద, తప్పక గెలవాల్సిన మ్యాచ్‌లో, మనకంటే ఇరవైకి పైగా మెట్లు కింద ఉన్న జట్టు ముందు ముడుచుకుపోవడం కోచ్ నిర్ణయమే. ఒకవేళ ఆటగాళ్లే భయంతో వెనక్కి జరిగారనుకున్నా, గీత దగ్గర నిలబడి వాళ్లను ముందుకు తోలాల్సిన మనిషి కోచే. ఢాకాలోనూ ఒక గోల్ వెనకబడ్డాక ఆట తీరు మారలేదు, మనుషులే మారారు. ఈ రెండింటికీ ఖాలిద్ జవాబు చెప్పాలి.

అయితే ఆయన చేతికి మనం ఇచ్చిన సరుకేమిటో కూడా చూడాలి. ఆసియా కప్ అర్హత పోటీల్లో ఢాకా దాకా ఐదు మ్యాచ్‌లు ఆడాం. రెండు గోల్స్, రెండు పాయింట్లు, గ్రూపులో అట్టడుగు స్థానం. కొంచెం వెనక్కి వెళ్లి గోల్ కొట్టినవాళ్ల పేర్లు చదవండి. తజికిస్తాన్ మీద అన్వర్ అలీ, సందేశ్ ఝింగన్, ఇద్దరూ డిఫెండర్లే. 2024 నవంబరులో మన గచ్చిబౌలిలో మలేసియాతో 1-1తో బయటపడ్డప్పుడు గోల్ రాహుల్ భేకేది. అతనూ డిఫెండరే. ఇక మిగిలిన పెద్ద దిక్కు సునీల్ ఛెత్రీ. 2024 జూన్‌లో కన్నీళ్లతో సాగనంపిన ఆయన్ను తొమ్మిది నెలలు తిరిగేసరికి, నలభై ఏళ్ల వయసులో, మళ్లీ పిలిపించుకున్నాం. మనోలో చేసింది తప్పనలేను. 2024-25 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో భారతీయుల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది ఆయనే, 14. తాత కాబోయే వయసు కాదు కానీ, ఫార్వర్డ్‌కు అది రిటైర్మెంటు దాటిన వయసే. ఆయన తర్వాత ఎవరని పదేళ్లుగా అడుగుతున్నాం. మొన్నటిదాకా జవాబు ఆయనే.

కారణం రహస్యమేమీ కాదు. ఐఎస్ఎల్‌లో ఒక జట్టు నలుగురు విదేశీయులను మైదానంలోకి దించవచ్చు. యజమాని డబ్బు ఎక్కడ పెడతాడు? గోల్ కొట్టేవాడి మీద, వాడికి బంతి అందించేవాడి మీద. మన కుర్రాళ్లకు మిగిలేవి అంచులు, వెనక వరుస. అందుకే మనకు అంచుల్లో పరుగెత్తేవాళ్లు డజను మంది ఉన్నారు, వాళ్లు పంపిన బంతిని లోపలికి నెట్టేవాడు లేడు. ఢాకాలో మనం చూసిన ఆట ఏడాది పొడవునా క్లబ్బులు తయారు చేసి పంపిన ఆటే.

ఈ విషయంలో హైదరాబాద్ వాళ్లం మనం కూడా చప్పట్లు కొట్టినవాళ్లమే. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ గెలిచిన రాత్రి గుర్తుందా? కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ జట్టు కోచ్ మనోలో మార్క్వెజ్. కుర్రాళ్లను నమ్మి ఆడించే కోచ్ అని దేశమంతా ఆయన్ను మెచ్చుకుంది, నిజమే కూడా. కానీ ఆ సీజన్‌లో గోల్స్ కొట్టిపెట్టింది నైజీరియా ఆటగాడు ఒగ్బెచే, ఒక్కడే 18. రెండేళ్ల తర్వాత అదే మనోలో భారత జట్టుకు కోచ్‌గా అదే నగరానికి వచ్చాడు. గచ్చిబౌలిలో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. మొత్తం ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, అదీ మాల్దీవుల మీద. మనిషి అదే, బుర్ర అదే. ఒగ్బెచే లేడు, అంతే. ఖాలిద్ స్థానంలో రేపు ఎవరిని తెచ్చినా ముందు ఈ లెక్కకు సమాధానం కావాలి. లేకపోతే అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే.

ఇలాంటి ఓటమి తర్వాత మన ఊళ్లో ఎవరో ఒకరు రహీం సాబ్ పేరు ఎత్తుతారు. ఎత్తాలి కూడా, అయితే సగం కథే చెబుతారు. 1962 జకార్తా ఏషియాడ్‌లో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, సయ్యద్ అబ్దుల్ రహీం ఆ డిఫెండర్‌ను తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. జర్నైల్ సెమీస్‌లో కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీదా కొట్టాడు, 2-1తో బంగారం వచ్చింది. ఇది విని, కోచ్‌కు ధైర్యముంటే చాలనుకుంటాం. కానీ రహీం 1950 నుంచి భారత జట్టుతో ఉన్నవాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఎవరికి ఏ కాలు బలమో, ఎవరు ఏ దెబ్బకు తట్టుకుంటారో ఏళ్ల తరబడి చూసినవాడు కాబట్టే ఆ రోజు ఆ పందెం కాయగలిగాడు. ఖాలిద్‌కు దొరికేవి మ్యాచ్‌కు ముందు కొన్ని రోజులు, ఆ కొన్ని రోజుల్లోనూ సగం మంది ఆలస్యంగా దిగుతారు.

ఇక 2025 సంగతి చెప్పాలంటే ఒళ్లు మండుతుంది. సెప్టెంబరులో మొదలవ్వాల్సిన ఐఎస్ఎల్ నవంబరు మూడో వారం దాటుతున్నా మొదలవ్వలేదు. భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ, లీగ్ నడిపే సంస్థకూ మధ్య ఒప్పందం డిసెంబరులో ముగియబోతున్నా, కొత్త హక్కుల కోసం పిలిచిన టెండరుకు ఒక్కరూ ముందుకు రాలేదు. జీతాలు వస్తాయో లేదో తెలియని ఆటగాళ్లు, సూపర్ కప్‌లో నాలుగు మ్యాచ్‌లు కూడా సరిగా ఆడకుండా, పోటీ ఆటకు అలవాటు తప్పిన కాళ్లతో ఢాకాలో దిగారు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ అయితే ఊరే మారిపోయింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయి కూర్చుంది. బలరాం, సలాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ వంటివాళ్లను ఇచ్చిన జంట నగరాలకు ఈ రోజు ఐఎస్ఎల్‌లో సొంత జట్టు లేదు.

ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని వచ్చిన రయన్ విలియమ్స్ ఉంటే గెలిచేవాళ్లమనే వాదనొకటి నడుస్తోంది. అక్కడి సమాఖ్య అనుమతి అందక అతను ఆడలేదు. రానివ్వండి, మంచిదే. బంగ్లాదేశ్‌కు హంజా చౌదరి చేసిన మేలు కళ్లారా చూశాం. కానీ 140 కోట్ల మందికి ఇది దారి ఎలా అవుతుంది?

దారి ఉందనడానికి ఇంట్లోనే సాక్ష్యం ఉంది. 2025 జూన్, జులైలలో మన అమ్మాయిలు చియాంగ్‌మాయ్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడి 24 గోల్స్ కొట్టారు. ప్రత్యర్థుల్లో మంగోలియా, తూర్పు తిమోర్ లాంటి చిన్న జట్లున్నాయి, ఒప్పుకుంటాను. కానీ చివరి మ్యాచ్‌లో తమకంటే మెరుగైన థాయ్‌లాండ్‌ను వాళ్ల దేశంలోనే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు వెళ్లారు. అప్పటి కోచ్ క్రిస్పిన్ ఛెత్రీ మనవాడే. జట్టులో నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది. వాళ్లకూ ఇదే సమాఖ్య, ఇవే తలనొప్పులు. కాకపోతే పోటీలకు ముందు సుదీర్ఘమైన శిబిరం దొరికింది, కోచ్ తనకు కావలసిన ఆట నేర్పేంత సమయం దొరికింది.

కాబట్టి ఖాలిద్‌ను తియ్యొద్దు. అలాగని వదిలిపెట్టనూ వద్దు. ఢాకా ఓటమి నాటికి, 2026 మార్చి 31న హాంకాంగ్‌తో మ్యాచ్ మిగిలి ఉంది. 2025 జూన్‌లో అదే జట్టు చేతిలో చివరి క్షణాల పెనాల్టీతో ఓడాం. ఈసారి పాయింట్లతో పని లేదు. ఓడినా కొత్తగా పోయేదేమీ లేదు కాబట్టి భయపడే కారణమూ లేదు. ఇర్ఫాన్, సుహైల్, సనన్ లాంటి, పాతికేళ్లు దాటని ఫార్వర్డ్ ఎవరైనా సరే, ఒకణ్ని సెంటర్ ఫార్వర్డ్ వేసుకునే తొమ్మిదో నంబరు చొక్కాతో మొదటి నిమిషం నుంచి తొంభయ్యో నిమిషం దాకా ఉంచండి. తప్పులు చేస్తాడు, చెయ్యనివ్వండి. వెనక్కి ముడుచుకుని ఇంకో సున్నా తెచ్చుకుంటే మాత్రం ఖాలిద్ రాజీనామా అడిగేవాళ్లలో నేనూ ఉంటాను.

సమాఖ్యకు చెప్పేది ఒకటే. లీగ్‌లో మైదానంలో నలుగురు విదేశీయుల నిబంధనను ముగ్గురికి దించండి. క్లబ్ యజమానులు గోల పెడతారు. పెట్టనివ్వండి, గోల్స్ లేని జట్టును చూస్తూ మేం పదేళ్లుగా పెడుతున్న గోల కంటే అది పెద్దదేమీ కాదు.