పూలమొక్కకు కత్తెర ఎప్పుడు, ఎక్కడ?

పచ్చగా ఉన్న కొమ్మ మీద కత్తెర పెట్టడానికి మనలో చాలామందికి చెయ్యి రాదు. పూచే మొక్కను కోస్తే పాపమన్న మాట ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఆ మాట వెనకున్న మమకారం గౌరవించదగ్గదే. అయినా దానివల్ల నష్టపోతున్నది ఆ మొక్కే. ఏళ్ల తరబడి ముట్టుకోని మల్లెపొదలో ఎండుపుల్లలు, గాలీ వెలుతురూ చొరని గుబురూ తప్ప ఏముంటుంది? చెయ్యందని చోట నాలుగు మొగ్గలుంటే గొప్ప. మల్లె పూసేది కొత్త చిగురు కొసన. పాత తీగ ఎంత సాగినా చిగురు రానిదే మొగ్గ రాదు. మైలవరం వంటి చోట్ల పూలమీదే బతికే మల్లె రైతులకు ఇది బాగా తెలుసు. చలికాలంలో తోటకు నీరు ఆపి, ఆకు దూసి, పొదలను నేలకు మూరెడు ఎత్తున కత్తిరించి, ఆ తర్వాతే ఎరువూ నీరూ ఇస్తారు. వేసవికి మార్కెట్ నిండేది ఆ కోత వల్లే.

కొమ్మ కొసన ఉన్న మొగ్గలో ఆక్సిన్ అనే హార్మోన్ తయారై కిందికి దిగుతూ, పక్క కణుపుల్లోని మొగ్గలను విచ్చుకోనివ్వదు. కొస తెగితే ఆ అడ్డు తొలగి, ఒక కొమ్మ ఉన్నచోట రెండు మూడు చిగుళ్లు లేస్తాయి. మల్లె, గులాబీ, మందారం, కాగితంపూలు కొత్త చిగుళ్ల మీదే పూస్తాయి కనుక వాటిలో పూల చోట్లు కూడా అంతకంత పెరుగుతాయి. వానలు వెనకబట్టాక, అక్టోబరులో కత్తిరించిన గులాబీ సుమారు నెలన్నరకు పూతకొస్తుంది.

అడవిలో చెట్లకు ఎవరు కత్తెర వేస్తున్నారని అడిగేవారున్నారు. అక్కడ మేకలూ జింకలూ చిగుళ్లు మేస్తాయి, గాలికి కొమ్మలు విరుగుతాయి. పైగా అడవి మొక్కకు నాలుగు గింజలు రాలితే చాలు. రోజూ పూజకు, జడకు పూలు కావాలని కుండీలో పెంచుతున్నది మనం. కొమ్మలు కోశాక ఆ ఏడు పూతే లేదన్న ఫిర్యాదు మాత్రం నిజమైనది, దాన్ని కొట్టిపారేయలేం. దేవగన్నేరునే తీసుకోండి. దాని పూలగుత్తి ముదిరిన కొమ్మ కొసనుంచే వస్తుంది. పూతకు ముందు ఆ కొసలు కోసేస్తే కొత్త కొమ్మలు ముదిరే దాకా ఎదురుచూడాల్సిందే. పూత అయ్యాక, తప్పనిసరైన కొమ్మలకే దానికి కత్తెర వేయాలి. పారిజాతాన్ని కూడా శరత్తు పూత ముగిశాకే సవరించాలి. మొగ్గ తొడిగిన మల్లెను మార్చిలో కోసి, పూయలేదని మొక్కను తిట్టుకోవడం అన్యాయం.

అసలు కత్తెర వేయకపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో నెలనెలా సాగే చదును కోత. మందారాన్నీ నందివర్ధనాన్నీ గోడలా సమంగా కొట్టేస్తారు. మొగ్గ తొడగబోయే కొసలన్నీ ప్రతిసారీ నేల రాలతాయి. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, పువ్వు మాత్రం ఉండదు. ఇందులో తోటమాలిని తప్పుపట్టలేం, అతనికి అప్పగించిన పనే అది. ఆకారం కోసం కాక పూత కోసం కత్తిరించమని, ఏ మొక్కకు ఏ నెలలో కత్తెర వేయాలో చెప్పాల్సింది ఇంటివాళ్లు, సంఘాలవాళ్లు. మొక్క అమ్మేటప్పుడే ఆ నెలను, పూత వచ్చే చోటును నర్సరీలు చీటీ మీద రాసి కుండీకి కట్టి ఇవ్వాలి.