పుట్టుకే నేరమైన రోజులు

కె.కోటపాడులో బస్సు కోసం నిలబడ్డారు. అప్పుడే వాన వెలిసింది. చోడవరం బస్సు రానే వచ్చింది. గోడకు ఆనించిన నల్లగొడుగు చంకన పెట్టుకుని గబగబా ఎక్కేశారు. సీట్లో కూర్చున్నాక చూస్తే పిడి తేడాగా ఉంది. ఆ గొడుగు మీది కాదు! మీది అక్కడే గోడ పక్కన ఉండిపోయింది. ఇప్పుడు చెప్పండి, మీరు దొంగా?

ఇంట్లో పిల్లల్ని అడిగినా కాదనే చెబుతారు. చట్టం కూడా అదే అంటుంది. పరాయి వస్తువును వాళ్లకు చెప్పకుండా తీసిన మాట నిజమే. కానీ కాజేయాలన్న ఉద్దేశం లేదు. నేరమన్నది జోడెద్దుల బండి లాంటిది. చేసిన పని ఒక ఎద్దు, దాని వెనకున్న చెడు తలంపు రెండోది. రెండూ ఉంటేనే బండి కదులుతుంది. అయితే, గొడుగు మీది కాదని తెలిశాక కూడా 'పోనీలే, నాదానికంటే కొత్తదే' అనుకుని ఉంచేసుకుంటే కథ మారుతుంది. అది దొంగతనం కాకపోయినా పరాయి సొత్తును అక్రమంగా వాడుకున్న నేరమవుతుంది. తీసింది అదే గొడుగు, ఎక్కింది అదే బస్సు. మారింది మనసు ఒక్కటే.

దీన్నే తిరగేసి చూడండి. పక్కవాడి చెరుకుతోట తగలబడిపోతే బాగుండునని మనసులో వెయ్యిసార్లు అనుకున్నా అది నేరం కాదు. పాపమో పుణ్యమో పైవాడు చూసుకుంటాడు. చట్టానికి మాత్రం అగ్గిపుల్ల గీసే దాకా పని లేదు.

ఈ సూత్రాన్ని మన దేశంలో పుస్తకానికెక్కించింది ఇండియన్ పీనల్ కోడ్. మెకాలే అధ్యక్షతన ఉన్న కమిషన్ 1837లో ముసాయిదా రాసింది. అది 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు తారుమారయ్యాయి. మన సినిమావాళ్లకు మహా ఇష్టమైన 420 ఇప్పుడు 318. (ఎవడినైనా '318 గాడు' అని తిట్టి చూడండి, వాడికి కోపం కూడా రాదు!) జోడెద్దుల సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు. ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదన్న నియమమూ అలాగే ఉంది. ఆ వయసుకు మంచిచెడు తెలియదని చట్టమే ఒప్పుకుంటుంది కాబట్టి.

సాక్ష్యాల చట్టంలో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. ముద్దాయి గతంలో చెడ్డవాడన్న సంగతి ఇప్పటి కేసులో సాక్ష్యం కాదు. తాను మంచివాడినని అతనే ముందుగా సాక్ష్యం తెచ్చుకుంటే తప్ప, అతని పాత నడతను ప్రాసిక్యూషన్ తవ్వకూడదు. 'వాడి సంగతి ఊరందరికీ తెలుసు కదండీ' అనే మాట రచ్చబండ మీద చెల్లుతుంది గానీ కోర్టు బోనులో చెల్లదన్నమాట.

ఇంత చక్కటి సూత్రం రాసిన ప్రభుత్వమే, పదకొండేళ్లు తిరక్కుండా, రెండెద్దులూ లేకుండా బండి తోలింది.

ఏమీ చేయకపోయినా...

1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ వచ్చింది. అంటే నేరస్థ జాతుల చట్టం. ఫలానా తెగ నేరాలకు అలవాటుపడిందని ప్రభుత్వం నమ్మితే చాలు, ఆ తెగ మొత్తాన్నీ నేరస్థ జాతిగా ప్రకటించవచ్చు. ఆ ప్రకటన తప్పని ఏ కోర్టుకూ వెళ్లే వీల్లేదు. మొదట ఇది ఉత్తరాదికే పరిమితం. 1911లో సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. అంటే అప్పటి వైజాగపటం జిల్లాలో ఉన్న మన కె.కోటపాడు దగ్గర్నుంచి నెల్లూరు దాకా, కోస్తా అంతా దాని కిందికి వచ్చింది.

ఆ చట్టం ఎక్కువగా మీద పడినవాళ్లలో ఎరుకల వారొకరు. ఎరుకలసాని అంటే మన ఇళ్లకు కొత్త కాదు. పద్మావతి మనసులోని మాట రాణిగారికి చెప్పడానికి సాక్షాత్తూ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం వేసుకుని ఆకాశరాజు కోటకు వెళ్లాడని చెప్పుకుంటాం. బుట్టలల్లడం, సోది చెప్పడం ఒక్కటే కాదు వాళ్ల వృత్తి. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి జిల్లాలకు చేరవేసి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చి అమ్మేవారు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైళ్లొచ్చాయి. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. ఎద్దుల బిడారుతో పని లేకుండా పోయింది. బతుకుతెరువు పోయిన జనం ఊళ్ల వెంట తిరుగుతుంటే పోలీసులకు అనుమానం. కొందరు దొంగతనాలు చేశారు కూడా. అది దాచాల్సిన విషయమేం కాదు. కానీ చట్టం ఆ కొందరినే పట్టుకుని ఊరుకోలేదు.

పేర్లు రిజిస్టరులో ఎక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు. చెప్పిన వేళకు వెళ్లి హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. అనుమానాస్పదంగా కనిపిస్తే చాలు, మూడేళ్ల దాకా జైలు. దొంగతనం లాంటి నేరాల్లో మూడోసారి శిక్ష పడితే యావజ్జీవ ద్వీపాంతరవాసం. అదే దొంగతనం ఇంకో కులంవాడు చేస్తే మామూలు శిక్షే!

అన్నిటికంటే గుండె కలుక్కుమనే నిబంధన పిల్లల గురించి. ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి, ప్రత్యేక బడుల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. ఏడేళ్లు నిండని బిడ్డ నేరం చేయలేడని ఒక చట్టం చెబుతోంది. ఆరేళ్లు దాటగానే అమ్మ ఒడిలోంచి తీసుకుపోవచ్చని ఇంకో చట్టం అంటోంది. రెండూ ఒకే దేశంలో, ఒకే కాలంలో నడిచాయి.

పుర్రెలు కొలిచిన డాక్టరు

ఈ ఆలోచన ఎక్కడ్నుంచి వచ్చింది? నేరశాస్త్రం చదివే పిల్లలు మొదటి ఏడాదిలోనే రెండు ఇటలీ పేర్లు నేర్చుకుంటారు. ఒకరు బెకారియా. 'మనిషి లాభనష్టాలు బేరీజు వేసుకునే జీవి. చేసిన పనికి తగ్గ శిక్ష వేయండి. కచ్చితంగా, త్వరగా వేయండి. చిత్రహింసలూ, ఉరీ వద్దు' అన్నది 1764లో ఆయన చెప్పినదాని సారాంశం. పీనల్ కోడ్ ఆ ఆలోచనల గాలి పీల్చి పుట్టిన చట్టమే.

రెండోవారు లాంబ్రోసో. ఆయన డాక్టరు. ఖైదీల పుర్రెలు, దవడలు, చెవులు కొలిచి, నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడని 1876లో పుస్తకం రాశారు. మన దేశంలో చట్టం అంతకు ఐదేళ్ల ముందే వచ్చిందని మరవకండి. ఇక్కడి అధికారులకు పుర్రెలు కొలిచే శ్రమ కూడా లేకపోయింది. వాళ్ల వాదన మన కులాల మీదే నిలబడింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతున్నట్టే దొంగతనం కులవృత్తిగా ఉన్నవాళ్లూ ఉంటారన్నది ఆ బిల్లు మీద జరిగిన చర్చలో వినిపించిన మాట. మన సమాజంలో ఉన్న జబ్బునే తీసుకుని దాన్ని చట్టం చేశారు. దీనికి తెల్లవాళ్లనొక్కళ్లనే అనుకుని ఏం లాభం?

1913లో చార్లెస్ గోరింగ్ అనే జైలు డాక్టరు ఇంగ్లండులో మూడు వేలమందికి పైగా ఖైదీల్ని కొలిచి, మామూలు జనంతో పోల్చి, నేరస్థులకంటూ ప్రత్యేకమైన రూపురేఖలేవీ లేవని తేల్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ గుంటూరు జిల్లాలో పుట్టుకను బట్టి జనాన్ని బంధించే సెటిల్‌మెంట్లకు పునాదులు పడుతున్నాయి.

విశాఖ నుంచి చెన్నై వెళ్లే రైలెక్కితే బాపట్ల దాటాక, చీరాల రాకముందు ఒక చిన్న స్టేషను తగులుతుంది. అదే స్టువర్టుపురం. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. సీతానగరంలోనూ అలాంటిదే పెట్టారు. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నడిపారు. స్టువర్టుపురం జనం సాగుకు రాని నేలల్ని బాగు చేశారు. చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి కూలికి వెళ్లారు. బడి ఉంది, ఆసుపత్రి ఉంది. చదువుకుని పైకొచ్చినవారూ ఉన్నారు. కానీ పాసు లేకుండా గేటు దాటే వీల్లేని పల్లె అది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, మద్రాసు ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశం మొత్తానికి ఏం చేయాలో తేల్చమని 1949లో కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తర్వాత లోక్‌సభ స్పీకరైంది ఆయనే. రద్దు చేయమనే కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. నేరస్థ జాతులు విముక్త జాతులయ్యాయి. ఇప్పటికీ ఆగస్టు 31ని వాళ్లు విముక్తి దినంగా జరుపుకుంటారు.

ఊరి పేరే ముద్ర

చట్టం పోయినా పేరు పోలేదు. హోవర్డ్ బెకర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1963లో చెప్పిన సిద్ధాంతానికి మన స్టువర్టుపురాన్ని మించిన ఉదాహరణ దొరకదేమో. మనిషి మీద 'వీడు ఇంతే' అని సమాజం ముద్ర వేస్తుంది. ఉద్యోగం ఇవ్వదు, ఇల్లు అద్దెకివ్వదు. చివరికి ముద్రకు తగ్గట్టే బతకడం తప్ప అతనికి ఇంకో దారి మిగలదు. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరుతో రెండు తెలుగు సినిమాలొచ్చాయి. ఒకదాని పేరులో పోలీస్ స్టేషన్, రెండోదాని పేరులో దొంగలు. 2023లో మళ్లీ ఇంకో పెద్ద హీరో సినిమాకు అక్కడి దొంగ కథే దొరికింది. ఆ ఊరి పిల్లాడు ఇంటర్వ్యూకి వెళ్లి 'మీదే ఊరు బాబూ' అని అడిగితే ఏం చెప్పాలి?

2009లో సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో వేల కోట్ల మోసం బయటపడింది. ఆ తర్వాత కంపెనీ ఛైర్మన్ల జాతిని నేరస్థ జాతిగా ప్రకటించాలని ఎవరైనా అడిగారా? సదర్లాండ్ అనే నేరశాస్త్రవేత్త 1939లోనే ఈ మాట ఎత్తారు. నేరం పేదవాడి ఇంట్లోనే పుడుతుందనుకోవడం తప్పు, ఇస్త్రీ చొక్కాల నేరాలూ ఉన్నాయి, నేరం నెత్తుటిలో రాదు, తోటివాళ్ల దగ్గర నేర్చుకునేది అన్నారాయన. నేర్చుకున్నది మరచిపోయే దారీ ఉంటుంది కదా! కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త, గోరా కుమారుడు లవణం 1970లలో స్టువర్టుపురంలో అడుగుపెట్టింది ఆ నమ్మకంతోనే. వాళ్లతో కలిసి తిని, వాళ్ల ఇళ్లలో కూర్చుని మాట్లాడారు. పిల్లల చదువులు, పెద్దలకు ఉపాధి చూశారు. దుడ్డుకర్రతో కానిది కొంతైనా అలా సాధ్యమైంది.

ఇక ఇవాళ్టి సంగతి. జాతి పేరు పోయినా 'అలవాటుపడ్డ నేరస్థుడు' అనే మాట చట్టంలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1962 నాటి హాబిచ్యువల్ అఫెండర్స్ చట్టం వచ్చింది. పోలీస్ స్టేషన్లో సస్పెక్ట్ షీట్లు, రౌడీ షీట్లు ఉంటాయి. ఎన్నికలు, జాతరలు దగ్గరపడితే ఏ మండలంలోనైనా తహసీల్దారు ముందు బైండోవర్లు మామూలే. బైండోవర్ శిక్ష కాదని, మంచి నడతకు రాయించుకునే పూచీకత్తు మాత్రమేనని చాలామందికి తెలియదు. తహసీల్దారు అక్కడ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. పోలీసులు ఇచ్చిన సమాచారమేమిటో రాతపూర్వకంగా చెప్పాలి. విచారణ జరపాలి. లాయరును పెట్టుకోవచ్చు. సంతకం పెట్టమంటే పెట్టేసి వచ్చేవాళ్లు ఈ నాలుగు ముక్కలూ గుర్తుంచుకోవాలి.

షీటు ఉంది కదా అని అర్ధరాత్రి తలుపు కొట్టే హక్కు పోలీసులకు లేదని సుప్రీంకోర్టు 1962 డిసెంబరులోనే, ఖరక్‌సింగ్ కేసులో చెప్పింది. ఆయన మీద ఉన్న దోపిడీ కేసు సాక్ష్యం లేక ఎప్పుడో పోయింది. అయినా రాత్రిపూట తనిఖీలు మానలేదు. 2024 మేలో ఢిల్లీకి చెందిన కేసులో, వెనకబడ్డ వర్గాల్లో పుట్టారన్న కారణంతో యాంత్రికంగా హిస్టరీ షీట్లలో పేర్లు ఎక్కించకూడదని, మైనర్ల వివరాలు అందులో బయటపెట్టకూడదని కోర్టు హెచ్చరించింది.

అదే ఏడాది అక్టోబరు 3న ఇంకో తీర్పు వచ్చింది. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచుతున్నారని జర్నలిస్టు సుకన్య శాంత వేసిన పిటిషన్ అది. కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో విముక్త జాతుల వారిని పుట్టుకను బట్టే అలవాటుపడ్డ నేరస్థులుగా లెక్కించే నిబంధనలు ఇంకా ఉన్నాయని ధర్మాసనం గుర్తించింది. వాటిని కొట్టేసింది. జైలు రిజిస్టర్లలో కులం అనే గడినే తీసేయమంది. విముక్త జాతుల వారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకుండా చూడమని పోలీసుల్ని ఆదేశించింది. మాన్యువళ్లు మార్చుకోవడానికి అన్ని రాష్ట్రాలకూ ఇచ్చిన గడువు మూడు నెలలు.