మొటిమ నేరం కాదు

మొటిమలను గురించి తెలుగు పండితుడు వ్రాయడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. వైద్యం నా విద్య కాదు, మాట నా విద్య. ఈ విషయంలో చర్మం కంటె ముందు మాటలే చెడిపోయాయి గనుక కలం పట్టక తప్పలేదు.

మన ఇళ్ళలో వినబడే మాటలు చూడండి. "ఒళ్ళు వేడి చేసింది." "సరిగా ముఖం కడుక్కోదు." "చిరుతిళ్ళు మానదు." "ఎవరి మీదనో మనసు పడ్డట్టుంది." పదహారేళ్ళ పిల్ల ముఖాన నాలుగు పొక్కులు లేస్తే ఇల్లంతా న్యాయస్థానమవుతుంది. ముద్దాయి ఆ పిల్లే. ఈ తీర్పును నేను ఖండిస్తున్నాను.

మన పూర్వులు ఈ నింద మోపలేదు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో క్షుద్రరోగాల నడుమ దీనికి ముఖదూషిక అని పేరు. పడుచువారి ముఖాన బూరుగు ముళ్ళవలె లేచే పిడకలని వర్ణించి, కఫ వాత రక్తాలను కారణంగా చెప్పి ఊరుకున్నారు. ముఖాన్ని చెరిపేది గనుక ముఖదూషిక అయింది. అంతేగాని ముఖం గలవారిని దూషించమని దానికి అర్థం లేదు. ఆ సిద్ధాంతం పాతదే కావచ్చు, కాని అది వయసును చూసింది, శీలాన్ని చూడలేదు.

నేటి శాస్త్రం నాలుగు సంగతులు చెబుతుంది. యౌవనారంభంలో ఆండ్రోజెన్ హార్మోనులు ఆడపిల్లలలోను, మగపిల్లలలోను పెరుగుతాయి. వాటి ప్రేరణతో వెంట్రుక కుదుళ్ళను అంటిపెట్టుకొన్న తైలగ్రంథులు సీబం అనే జిడ్డును అధికంగా స్రవిస్తాయి. కుదురు ద్వారంలో మృతకణాలు పేరుకొని మూత పడుతుంది. లోపల క్యూటిబాక్టీరియం యాక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది అందరి చర్మం మీదా కాపురముండేదే. వీటితో కూడి వాపు, ఎరుపు, చీము కనబడతాయి. ముక్కు మీది నల్లచుక్కలోని నలుపు మురికి కాదు, మెలనిన్ వర్ణద్రవ్యం, గాలి తగిలి రంగు మారిన జిడ్డు కలిసి కనబడే రూపం. గట్టి సబ్బుతో రుద్దితే అది పోదు, చర్మం రేగుతుంది. వంశపారంపర్యమూ ఇందులో బలమైనదే. కాబట్టి బిడ్డను నిందించబోయే తండ్రి ముందుగా తన పడుచుప్రాయపు ఫొటో ఒకటి తీసి చూసుకోవాలి.

మరి ఆహారం, ఉక్క, నూనె మాటేమిటని అడుగుతారు. అలంకారశాస్త్రం చదివిన మిత్రులకు సులభంగా చెబుతాను. వెన్నెల ఉద్దీపన విభావం. అది శృంగారాన్ని పుట్టించదు, ఉన్నదానిని రగిలిస్తుంది. మొటిమకు ఇవన్నీ ఉద్దీపనాలే. ఉద్దీపనాన్ని మూలకారణంగా భ్రమించడమే మన మొదటి తప్పు.

శ్రీసిటీనే తీసుకోండి. సత్యవేడు, వరదయ్యపాళెం, తడ ప్రాంతాలలో 2008లో వెలసి, నేడు తిరుపతి జిల్లాలో ఉన్న పారిశ్రామికవాడ అది. పక్కనే పులికాట్ సరస్సు, ఏడాదిలో చాలా నెలలు ఉక్క. పల్లెల నుండి వచ్చిన వేలాది యువతులు అక్కడ ఫోన్లు బిగించే పనిలో ఉన్నారు. ఇటువంటి పనులలో తలటోపీ, మాస్కు గంటల తరబడి ధరించవలసి వస్తుంది. ఒరిపిడి, చెమట కలిసినచోట మొటిమ రేగుతుందని వైద్యులు చెబుతారు. వేడి తేమ ప్రదేశాలలో పోరాడిన సైనికులకు ఇటువంటి తీవ్రమైన మొటిమలు వచ్చినట్లు రెండవ ప్రపంచయుద్ధ కాలంలోనే గమనించారు. నుదుటికి జారే తలనూనె మరొక ఉద్దీపనం. ఆ పిల్ల చేసిన నేరమేమిటి? ఉద్యోగం చేయడమా?

ఇక చాక్లెట్టు. 2016లో క్యాడ్‌బరీ చాక్లెట్ల కర్మాగారం శ్రీసిటీలోనే ప్రారంభమైంది గనుక ఆ మాట కూడ చెప్పుకోవాలి. 1969లో అమెరికాలో 65 మందిపై జరిగిన ఒక పరిశోధన చాక్లెట్టు నిర్దోషి అని తేల్చింది. కాని పోల్చడానికి ఇచ్చిన మరొక మిఠాయిలోనూ చక్కెర, కొవ్వు దాదాపు అంతే ఉన్నాయి! దొంగను దొంగ పక్కన నిలబెట్టి దొర అన్నట్టుంది. పాపువా న్యూగినీలోని కిటవా ద్వీపవాసులలో మొటిమలే కనబడలేదని 2002లో ఒక నివేదిక వచ్చింది. వారిది దుంపలు, పండ్లు, చేపల భోజనం. రక్తంలో చక్కెరను వేగంగా పెంచే తిండి తగ్గిస్తే కొందరికి మేలు కలిగిందని తరువాతి పరీక్షలు చూపాయి. తగ్గించండి, మంచిదే. అంతమాత్రాన తిన్నవారందరికీ మొటిమలు రావు, మానినవారందరికీ పోవు.

నా అసలు కోపం వేరొకచోట ఉంది. నింద భరించలేని పిల్ల మందుల దుకాణానికి పోతుంది. అక్కడ వైద్యుని చీటీ లేకుండ ఒక గొట్టం చేతికి వస్తుంది. అందులో బీటామెథసోన్ గాని క్లోబెటసాల్ గాని ఉంటుంది. స్టిరాయిడు గనుక మూడు రోజులలో ఎరుపు తగ్గి, ముఖం తెల్లబడినట్లుంటుంది. కొన్ని వారాలకు చర్మం పలుచబడుతుంది, రక్తనాళాలు తేలుతాయి, ముఖాన రోమాలు మొలుస్తాయి, మొటిమలు మునుపటి కంటె ఎక్కువవుతాయి. మానితే మంట, రాస్తే ముప్పు. పైపూత స్టిరాయిడులను చీటీ లేకుండ అమ్మే వెసులుబాటును 2018లో కేంద్రం తొలగించింది. శాసనం కాగితం మీద ఉంది, గొట్టం బల్ల మీద ఉంది.

"ప్రాణం తీసే జబ్బు కాదు గదా, ఇంత రాద్ధాంతమెందుకు?" అనేవారున్నారు. మచ్చలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. దిగులు, జనంలోకి పోవడానికి జంకు వెంటాడుతాయి. పైగా దీనికి చికిత్స ఉంది. బెంజాయిల్ పెరాక్సైడ్, అడపలీన్ వంటి పూతలు రెండు మూడు నెలలు ఓపికగా వాడితే చాలామందికి గుణమిస్తాయి. తీవ్రమైనవాటికి ఐసోట్రెటినోయిన్ ఉంది. గర్భస్థశిశువుకు హానికరం గనుక దానిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. నెలసరి క్రమం తప్పి, ముఖాన రోమాలు వస్తుంటే హార్మోనుల పరీక్ష అవసరం. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవిభాగం ఉంది. ఇ.ఎస్.ఐ. పరిధిలోని కార్మికుల వేతనంలో 2019 జూలై నుండి నూటికి ముప్పావు రూపాయి చందాగా కోస్తున్నారు. ఆ సొమ్ముకు ఫలంగా కార్మికుల వసతిగృహాలకు నెలకొకసారైనా చర్మవైద్యుడు రావాలని అడగడం అత్యాశ కాదు.

తల్లిదండ్రులకు, నాతోటి ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. మొటిమ కనబడినప్పుడు "ఏం తిన్నావు? ఏం చేశావు?" అని అడగకండి. "నొప్పిగా ఉందా తల్లీ? డాక్టరు దగ్గరకు పోదామా?" అని అడగండి. ఆ పిల్లకు కావలసింది వైద్యం, విచారణ కాదు.