సత్వాసా దాకా ఆగొద్దు

మొన్న ఈద్‌కి మిర్యాలగూడలో మా చాచా వాళ్లింటికి పోయిన. చాచా బిడ్డ, మా ఆపాకి ముప్పై తొమ్మిదేండ్లు. దూల్హాభాయ్ సౌదీ నుంచి వాపస్ వచ్చినంక ఇప్పుడు ఐదో నెల. ఇంట్ల అందరూ ఖుషీ.

"స్కానింగ్ తీయించినవా ఆపా?" అన్న.

చాచీ అందుకుంది: "సత్వాసా కానీ బేటా, నజర్ తగుల్తది. ఇచ్చినోడే చూస్తడు."

తవక్కుల్ నాకూ ఉంది. కానీ తవక్కుల్ అంటే తద్బీర్ వదిలేయడం కాదు కదా! నల్గొండ, పాలమూరుల్లో మొగోళ్లు బొంబాయికో దుబాయికో పోతరు. జోడే కీ రకం కుదరక ఆడపిల్లల షాదీలు ఆగుతయి. ముప్పై అయిదు దాటినంక హమల్ రావడం ఐబ్ కాదు, ఏ ఔరత్ కసూరూ కాదు. అయితే ఆ ఉమర్‌లో బీపీ, షుగర్ ఖత్రా ఎక్కువ. డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం 25 ఏండ్ల తల్లికి సుమారు 1,250లో ఒకటి, 35కి 350లో ఒకటి, 40కి 100లో ఒకటి. అంటే నలభైలో కూడా నూటికి తొంభై తొమ్మిది మందికి ఆ ఫికర్ లేదు.

పరీక్షలకు వఖ్త్ ఉంటది. ఎన్‌టీ స్కాన్, దాంతోపాటు రక్తపరీక్ష 11 నుంచి 14 వారాల లోపల. అవయవాలు చూసే టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య. సత్వాసా దాకా ఆగితే రెండూ పోయినట్టే. ఎన్‌టీ, రక్తపరీక్ష చెప్పేది అందాజా మాత్రమే, ఫైసలా కాదు. పక్కాగా తేల్చేది ఉమ్మనీరు పరీక్ష.

"తెలిసి ఏం చేస్తం? తీయించుకునుడు గునాహ్ కదా" అంటరు. డౌన్ బిడ్డల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటది. ముందే తెలిస్తే పిల్లల గుండె డాక్టర్లున్న దవాఖానాలో కాన్పు చేయించొచ్చు. బిడ్డ జాన్ దక్కుతది. ఇలాజ్ లేని తీవ్రమైన లోపమని డాక్టర్ల కమిటీ తేల్చితే, తల్లిదండ్రులు కోరితే, 120 రోజుల లోపు ఇజాజత్ ఉందని మక్కాలోని ఫిఖ్ అకాడమీ 1990లోనే చెప్పింది. ఆ 120 రోజులు డాక్టర్ల లెక్కలో సుమారు 19 వారాలు. ఆలస్యంగా పోయినోళ్లకు ముఫ్తీసాబ్‌ని అడిగే మోహలత్ కూడా మిగలదు.

నెల తప్పంగనే ఆశా అక్కకు చెప్పి పేరు రాయించండి. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తారీఖున సర్కారీ దవాఖానాల్లో ముఫ్త్‌గా చూస్తరు. 2016 నుంచి నడుస్తున్న ఇంతెజామ్ ఇది. ఆడో మగో అడగొద్దు, 1994 చట్టం ప్రకారం చెప్పడం జుర్మ్.

మా ఆపాకు మొదటి మోఖా దాటింది, రెండోది ఉంది. ఈ వారమే టిఫాకు పోతున్నం. చాచీ కూడా బురఖా తీసి పెట్టుకుంది, తోడొస్తదంట.