పౌలు చేతిపని

పదో తరగతి ఫలితాలు వచ్చే వారం జీడిమెట్లలో ఏ ఇంటికెళ్లినా ఒకటే చర్చ. ఎంపీసీయా, పాలిటెక్నిక్కా, ఐటీఐయా? షాపూర్‌నగర్‌లో, సుభాష్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా లేత్ మిషన్ దగ్గర నిలబడ్డ తండ్రే ‘నా కొడుకు మాత్రం ఈ పనిలోకి రాకూడదు’ అంటాడు. ఆ మాటను అతిశయమని కొట్టిపారేయలేం. కాంట్రాక్టరు కింద పన్నెండు గంటలు పనిచేసి వచ్చినవాడికి చేతిపని గొప్పదనం గురించి మనం ప్రసంగం చేయనక్కర్లేదు.

అయితే ఆయన కొడుక్కి చూపిస్తున్న దారి సంగతేమిటి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక మైసమ్మగూడ, కండ్లకోయ, దుండిగల్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలకు గిరాకీ పెరిగింది. పేదింటి పిల్లలు ఇంజినీర్లయ్యారు, అది చిన్న మేలు కాదు. కాని మైక్రోమీటరు పట్టుకోవడం రాకుండానే మెకానికల్ పట్టా పుచ్చుకున్నవాళ్లూ వారిలో ఉన్నారు. జీడిమెట్ల పక్కనే బాలానగర్‌లో 1968లో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. పదో తరగతి తర్వాత నాలుగేళ్ల డిప్లొమాలో డైలు, మౌల్డులు తయారుచేయడం నేర్పుతారక్కడ. మన సంఘాల్లో ఎంతమంది తల్లిదండ్రులకు ఆ సంగతి తెలుసు? పాలిటెక్నిక్ చదివితే చదువు అక్కడితో ఆగిపోతుందన్న భయమూ నిజం కాదు. ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు.

అపొస్తలుడైన పౌలు గమలీయేలు పాదాల దగ్గర ధర్మశాస్త్రం నేర్చుకున్న పండితుడు. ఆయనే కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. ఎఫెసు సంఘపెద్దలకు వీడ్కోలు చెబుతూ, తన అవసరాలు తీర్చింది తన చేతులేనని గుర్తుచేశాడు. ఆ చదువూ ఈ పనీ ఒక్క మనిషిలోనే ఇమిడాయి. మనమే వాటిని విడదీసి వేర్వేరు వరసల్లో కూర్చోబెట్టాం. ఆదివారం సాక్ష్యాల వేళ కొడుక్కి అమెరికా వీసా వచ్చిందని స్తోత్రాలు చెల్లించేవారున్నారు. ఫిట్టర్ అప్రెంటిస్‌గా చేరాడని లేచి చెప్పిన తల్లిని నేనింతవరకు చూడలేదు.

తెలంగాణ ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. యంగ్ ఇండియా స్కిల్ యూనివర్సిటీని తెచ్చిందీ ఆ ఏడాదే. మంచిదే. ఐటీఐలో తుప్పుపట్టిన యంత్రం మీద నేర్చుకున్న కుర్రాడు ఫ్యాక్టరీలో సీఎన్‌సీ ముందు నిలబడి బిక్కమొహం వేసే అవస్థ కొంత తప్పుతుంది.

కాని కొత్త యంత్రాలు జీతాన్ని పెంచవు. జర్మనీలో అప్రెంటిస్ వారంలో కొన్ని రోజులు ఫ్యాక్టరీలో, కొన్ని రోజులు బడిలో గడుపుతాడు, యజమాని అతనికి వేతనమిస్తాడు. తర్వాత మైస్టర్ పరీక్ష నెగ్గితే యూనివర్సిటీ తలుపులూ తెరుచుకుంటాయి. మనకూ 1961 నుంచి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. ఏడాది స్టైపెండు ఇచ్చి పని నేర్పి, గడువు తీరగానే పంపేసి, ఆ స్థానంలో మరో కుర్రాణ్ణి తెచ్చుకునే యజమానులున్నారు. వారిలో ఆదివారం మన పక్కన కూర్చునేవారూ ఉండవచ్చు. అది సాగినంతకాలం ఆ లేత్ మిషన్ తండ్రితో వాదించి గెలవడం నా వల్ల కాదు.