సాధు విమానానికి కోరలు

యుద్ధవిమానం యుద్ధానికే పుట్టినది. దాని స్వభావం గురించి ఎవరికీ భ్రమ ఉండదు. కాని పైరుపై మందు చల్లడానికో, కొండపల్లెలకు సరుకు మోయడానికో, కుర్రవాళ్లకు ఎగరడం నేర్పడానికో పుట్టిన విమానం ఒకనాడు రెక్కల క్రింద రాకెట్లు కట్టుకొని బయలుదేరితే దానిని ఏమనవలె?

ఇది కొత్త సంగతి కాదు. 1920ల చివర సోవియట్ రష్యాలో శిక్షణకు తయారై, పొలాలమీద మందు చల్లడానికి కూడా పనికివచ్చిన పోలికార్పోవ్ విమానం, రెండవ ప్రపంచయుద్ధంలో చీకటి మాటున జర్మను శిబిరాలపై బాంబులు విడిచినది. స్విట్జర్లాండు కొండలకు అనువైన పిలాటస్ పోర్టరుకు 1970ల తొలినాళ్లలో అమెరికావారు 20 మిల్లీమీటర్ల ఫిరంగి అమర్చినారు. 2022లో అమెరికా ప్రత్యేక దళాలు ఎంచుకొన్న దాడి విమానానికి మూలం ఎయిర్ ట్రాక్టర్. అది సుమారు 3,000 లీటర్ల మందు మోయగల వ్యవసాయ విమానం.

ఈ మార్పు ఇంత సులభం కావడానికి కారణం ఆ విమానాల సుగుణాలే. అవి చిన్న గరుకు నేలమీద దిగగలవు. నెమ్మదిగా, తక్కువ ఎత్తున ఎగరగలవు. తమ శక్తికి తగిన బరువు నమ్మకంగా మోయగలవు. ఖర్చు స్వల్పం. రెక్కకు ఆయుధం తగిలించే ఏర్పాటు, గురిచూసే సాధనం, పైలటుకు రక్షణగా ఉక్కు పలక కలిపితే పని చాలవరకు ముగిసినట్లే. అయితే వేగం లేని ఆ ప్రాణి, శత్రువుకు మంచి ఫిరంగులో వేగవంతమైన విమానాలో ఉన్నచోట నిలువలేదు. ఎదుటివాని బలహీనతో ఏమరుపాటో దానికి అసలు కవచం.

యంత్రం మాట ఇది. మనిషి మాట ఇంతకన్న చిక్కైనది. దానికి స్వీడన్ దేశపు కౌంట్ కార్ల్ గుస్టాఫ్ వాన్ రోసెన్ జీవితమే సాక్ష్యం. ఇటలీ ఇథియోపియాపై దండెత్తినప్పుడు అతడు రెడ్‌క్రాస్ అంబులెన్సు విమానం నడిపినాడు. 1940లో ఫిన్లండు పక్షాన ఒక ప్రయాణీకుల విమానానికి బాంబులు అమర్చి సోవియట్ సేనలపైకి తీసుకుపోయినాడు. ఒకే చేయి మందూ మోసినది, మంటా మోసినది.

నైజీరియా అంతర్యుద్ధం 1967లో మొదలైనది. విడిపోయిన బయాఫ్రా ప్రాంతం దిగ్బంధంలో చిక్కి ఆకలితో మాడినది. 1968 ఆగస్టులో వాన్ రోసెన్ చెట్లకొసల ఎత్తున ఎగిరి, ఉలి అనే తాత్కాలిక రన్‌వేకు ఆహారం చేర్చి, ఇతర పైలట్లకు దారి చూపినాడు. బిడ్డలు అస్థిపంజరాలై చావడం, పైనుండి బాంబులు పడడం అతడు కళ్లారా చూసినాడు. మరుసటి ఏడు ఎంఎఫ్‌ఐ–9 అనే బుల్లి స్వీడిష్ విమానాలను అయిదింటిని సంపాదించినాడు. రెండు సీట్లు, 100 అశ్వశక్తుల ఇంజను. ఒక్కొక్కదానికి 12 రాకెట్లు. 1969 మే 22న అవి పోర్ట్ హార్కోర్టు విమానాశ్రయంపై విరుచుకుపడినవి. ఆహారం తెచ్చినప్పుడు నేర్చిన ఆ చెట్లకొసల ప్రయాణమే రాకెట్లకూ పనికివచ్చినది.

అతనిని సమర్థించేవారి వాదం తేలికైనది కాదు. ఆకలిగొన్న వారికి రొట్టె ఇచ్చి, వారిపై బాంబులు వేసే విమానాన్ని ముట్టకుండా విడవడం ఏపాటి కరుణ? ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని కథ అక్కడ ఆగలేదు. జూన్ 5న, రెండు వారాలు తిరగగానే, ఆహారం మోస్తున్న రెడ్‌క్రాస్ విమానాన్ని నైజీరియా యుద్ధవిమానం కూల్చివేసినది. అందులోని నలుగురూ మరణించినారు. రెడ్‌క్రాస్ తన విమానాలను నిలిపివేసినది. ఆ దాడులే ఈ ఘోరానికి కారణమనడం సాహసం. ఉలిలో రాత్రివేళ అన్నం తెచ్చే విమానాలూ, ఆయుధాలు తెచ్చే విమానాలూ అంతకుముందు నుండే దిగుతుండేవి. కూల్చినవారి తప్పు కూల్చినవారిదే. అయినా అప్పటికే పలుచబడిన గీతను సహాయానికి పేరుపడ్డ మనిషే స్వయంగా చెరిపితే, శత్రువు అనుమానానికి అతడే సాకు సమకూర్చినట్లయినది.

ఒక ప్రభుత్వం తన సైన్యపు గుర్తు వేసి వ్యవసాయ విమానాన్ని ఆయుధవాహనం చేయడం వేరు. దాని మంచిచెడ్డలు యుద్ధపు మంచిచెడ్డలే. సేవకుడే సేవ చేసిన దారిన యోధుడై రావడం వేరు. సేవావిమానానికి ఉక్కు కవచం లేదు. ఇది హాని చేయదన్న నమ్మకమే దాని కవచం. ఆ నమ్మకం ఒక్క పైలటు సొత్తు కాదు. తరువాత వచ్చే ప్రతి పైలటుదీ, క్రింద ఎదురుచూసే ప్రతి తల్లిదీ. దానిని ఖర్చుపెట్టే హక్కు ఎంత దయాళువుకైనా లేదు.

వాన్ రోసెన్ చివరకు 1977లో ఇథియోపియాలోని గోడే వద్ద, క్షామబాధితుల సహాయానికి వెళ్లినప్పుడు, ఒక దాడిలో ప్రాణాలు విడిచినాడు. అతని ధైర్యాన్నీ దయనూ శంకించడం తగదు. అందుకే అతని కథ పాఠంగా చెప్పదగినది. దుర్మార్గుని తప్పునుండి నేర్చుకొనేది స్వల్పం. ఇటువంటి విమానం బొమ్మ చూడగానే విద్యార్థులు వేగమెంత, రాకెట్లెన్ని అని అడుగుతారు. ఉపాధ్యాయుడు ఆ జవాబులు చెప్పి, మరొక ప్రశ్న వారిముందు ఉంచవలె: దీనికి కోరలు మొలిచిన తరువాత, దీనివంటి సాధు విమానాలను ఎవరు నమ్ముతారు?